రెండో అంతస్తు వంటింట్లో ఎలుకలు: విషం పెట్టాం, వాసన భరించాం, మళ్ళీ వచ్చాయి

మురళీనగర్_గృహిణి
మా ఫ్లాటు విశాఖపట్నం మురళీనగర్‌లో, రెండో అంతస్తులో ఉంది. దసరా వెళ్ళిన వారం నుంచి రాత్రి పదకొండు దాటితే చాలు, వంటింట్లో గీకుడు చప్పుడు మొదలవుతోంది. మొదట కందిపప్పు పొట్లం మూల కొరికి ఉంది. తరువాత పాతిక కిలోల బియ్యం బస్తాకు అడుగున రూపాయి బిళ్ళంత కన్నం పడింది. మొన్న మా అబ్బాయి తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం అట్ట నుంచి పన్నెండో పేజీ దాకా పీచుపీచై కనిపించింది. మావారు నీలం రంగు విషపు బిళ్ళలు తెచ్చి అలమరాల కింద పెట్టారు. అయిదు రోజులకు చప్పుడు ఆగింది గానీ, ఆ వెంటనే చెక్క అలమరాల వెనుక నుంచి మొదలైన కుళ్ళు వాసన తొమ్మిది రోజుల పాటు ఇంట్లో ఎవరినీ అన్నం తిననివ్వలేదు. ఆ వాసన పోయిన మూడో రాత్రే మళ్ళీ అదే అలికిడి. జీవహత్య వద్దని మా అత్తగారు మొదటి నుంచీ అంటున్నారు, ఈసారి రెట్టింపు బిళ్ళలు పెడదామని మావారు అంటున్నారు. ఇంత ఎత్తున ఉన్న ఇంట్లోకి ఇవి ఎలా వస్తున్నాయో, ఒకటి చస్తే మరొకటి ఎక్కడి నుంచి దిగుతోందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గోపాలపట్నం_72
ముందు అది ఏ జంతువో తేల్చుకోండి. పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. బియ్యపు గింజంత ఉండి కొసలు సన్నగా ఉంటే చిట్టెలుక. అర అంగుళం, ఆపైన ఉంటే పెద్ద ఎలుక. ఒక కొసన తెల్లటి చుక్క ఉంటే అది బల్లిది, దాని గురించి బెంగ అక్కరలేదు.

మురళీనగర్_గృహిణి
ఇప్పుడే టార్చి వేసి చూశాను. గ్యాసు సిలిండరు వెనుక ఉన్నవి అర అంగుళానికి తక్కువ లేవు. తెల్ల చుక్క లేదు.

పెరటితోట_పెందుర్తి
అయితే అది ఇంటి ఎలుకే. దాని తోక ఒంటికంటే పొడవు, ఆ తోకతో తూకం ఆపుకుంటూ కేబులు తీగ మీద కూడా నడిచిపోతుంది. పందికొక్కు అనుకుని భయపడకండి. అది బరువైన జంతువు, నేలలో బొరియలు తవ్వుకుని కాలువ గట్ల మీదా పునాదుల కిందా బతుకుతుంది, రెండో అంతస్తు దాకా రావడం అరుదు. ఇంగ్లీషువారి బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి వెళ్ళిందే. ఇంకొక మాట కూడా చెప్పాలి. పొడవైన మూతితో, కిచకిచమంటూ, ఒక రకమైన ఘాటు వాసనతో గోడ వారన పరుగెత్తేది చుంచు. దాన్ని చుంచెలుక అంటాం గానీ అది ఎలుక జాతికి చెందదు, బస్తాలు కొరకదు, బొద్దింకలనూ పురుగులనూ తింటుంది. ఎలుకల మీద కోపంతో చుంచులను చంపేవారిని చాలామందిని చూశాను.

మద్దిలపాలెం_విద్యార్థి
మేం నలుగురం ఉండే అద్దె గదిలో ఇదే బాధ. మనకు వినిపించని ధ్వనితో ఎలుకలను తరుముతుందని చెప్పే యంత్రం ఒకటి కొని ప్లగ్గులో పెట్టాం. రెండు రాత్రులు నిశ్శబ్దంగా ఉంది. మూడో రాత్రి ఎలుక ఆ యంత్రం పక్క నుంచే దాటి వెళ్ళడం ముగ్గురం కళ్ళారా చూశాం.

గోపాలపట్నం_72
ఆ ధ్వని బీరువానూ గోడనూ దాటి వెళ్ళదు. దాటినంత మేరా ఎలుక కొద్ది రోజుల్లోనే అలవాటు పడిపోతుంది. అమెరికాలో వ్యాపార ప్రకటనల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ 2001లోనే ఇలాంటి యంత్రాల తయారీదార్లకు, అమ్మకందార్లకు 60 మందికి పైగా హెచ్చరిక లేఖలు పంపింది. చెప్పిన గుణాలకు శాస్త్రీయమైన రుజువు చూపాలన్నది ఆ లేఖల సారాంశం. డబ్బు వృథా చేసుకోవద్దు.

ఎంవీపీ_సెక్టార్9
మా అపార్టుమెంటు సంఘానికి నాలుగేళ్ళుగా కార్యదర్శిగా ఉన్నాను. విషం లేకుండా ఎలుకలను అదుపు చేయడం జరిగే పని కాదని నా అనుభవం. కింద పార్కింగులో ఒకే నెలలో మూడు కార్ల వైర్లు కొరికేశాయి, అందులో ఒకదానికి మరమ్మతు ఖర్చు పద్దెనిమిది వేలు అయింది. నీలం బిళ్ళలే పని చేస్తాయి. వాసన రాకూడదంటే జిగురు అట్టలు వాడండి.

భీమిలి_పక్షులు
జిగురు అట్ట సలహాను దయచేసి వెనక్కి తీసుకోండి. దానికి అంటుకున్న ఎలుక వెంటనే చావదు, చర్మం ఊడిపోయేలా పెనుగులాడుతూ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బతికే ఉంటుంది. మా మేడ మెట్ల మీద పక్కింటివారు పెట్టిన అట్టకు ఒక పిచ్చుక రెండు రెక్కలూ అతుక్కుని దొరికింది. వంటనూనెతో గంటసేపు కొద్దికొద్దిగా రుద్ది విడిపించాను గానీ ఈకలు సగం ఊడిపోయాయి, సాయంత్రానికి ప్రాణం పోయింది. ఈ అట్టలను ఆపమని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు సూచనలు పంపిన సంగతి కూడా తెలుసుకోండి.

ఎంవీపీ_సెక్టార్9
పిచ్చుక సంగతి చదివి బాధ కలిగింది. జిగురు అట్టల మాట వెనక్కి తీసుకుంటున్నాను. విషం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

నర్సు_సీతమ్మధార
విషం అన్నది ఒక్కటే వస్తువు కాదు కనుక ఏది ఏమిటో చెప్పనివ్వండి. నీలం బిళ్ళల్లో చాలావాటిలో ఉండే మందు బ్రోమడయొలోన్, అదీ 0.005 శాతమే. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, ఎలుక నాలుగైదు రోజులకు, ఒక్కోసారి వారానికి చస్తుంది. అప్పటికి అది ఏ అలమరా వెనుకకో చేరి ఉంటుంది కనుకనే మీ ఇంట్లో ఆ వాసన వచ్చింది. మనిషి పొరపాటున మింగితే దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. గొట్టంలో వచ్చే పసుపు భాస్వరం పేస్టుకు మాత్రం విరుగుడు లేదు. బిస్కెట్టుకు రాసి గట్టు మీద ఉంచిన ఆ పేస్టును చిన్నపిల్లలు తిన్న సందర్భాలు నా ఉద్యోగంలో చూశాను. మొదటి రెండు రోజులు పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు, గండం గడిచిందని తల్లిదండ్రులు అనుకుంటారు, ఆ తరువాత కాలేయం చెడిపోవడం మొదలవుతుంది. నల్లటి పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది, దానికీ విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లో ఈ రెండింటినీ గడప దాటి లోపలికి రానివ్వకండి. ఎవరైనా మింగితే, బాగానే కనిపిస్తున్నా సరే, ఆ డబ్బాను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రేవు_విశ్రాంత_ఉద్యోగి
నేను మన రేవులో ముప్ఫయి ఒక్క సంవత్సరాలు పని చేశాను. ఓడను గట్టుకు కట్టే లావుపాటి మోకులను మీరు చూసి ఉంటే, ఒక్కొక్క మోకుకు మధ్యలో పెద్ద పళ్ళెమంత గుండ్రటి రేకు తగిలించి ఉండడం గమనించి ఉంటారు. దాన్ని రాట్ గార్డు అంటారు. ఎలుక మోకు మీద నడుచుకుంటూ ఎంత దూరమైనా రాగలదు గానీ, ఆ రేకు దగ్గరకు వచ్చాక పట్టు దొరకక ఆగిపోతుంది. ఓడ నుంచి గట్టుకూ, గట్టు నుంచి ఓడకూ రాకపోకలు అక్కడితో బందు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. 1898లో కరాచీలో పని చేస్తున్న సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు, ఆ జబ్బును ఎలుక ఒంటి మీద రక్తం పీల్చే గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీలు) మోసుకొస్తున్నాయని చూపించాడు. ఆ తరువాతి కాలంలో ఓడరేవులు ఎలుకల విషయంలో పట్టుదలగా ఉంటూ వచ్చాయి. ఈనాటికీ దేశాల మధ్య తిరిగే ఓడలకు పారిశుద్ధ్య ధ్రువపత్రం ఉండాలి, దాని గడువు ఆరు నెలలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఓడలో కూడా బోనులూ మందులూ ఉంటాయి గానీ మొట్టమొదటి కాపలా మాత్రం ఆ మోకు మీది రేకే. అమ్మా, మీ ఇంటికి కూడా మోకులు ఉన్నాయి. వెనుక గోడ మీద కింది నుంచి మేడ దాకా పోయే మురుగు గొట్టాలు, కేబులు తీగలు, కిటికీని తాకే చెట్టుకొమ్మ, ఏసీ గొట్టం. ఆ దారి తెరిచి ఉంచి విషం పెడితే, చచ్చిన ఎలుక ఖాళీ చేసిన చోటులోకి కింది నుంచి మరొకటి వస్తుంది. మీరు అడిగిన రెండో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే.

పెరటితోట_పెందుర్తి
పైన రేవు పెద్దాయన చెప్పినది మా కొబ్బరి చెట్లకు మేం చేసేదే. నేల నుంచి ఆరడుగుల ఎత్తున మాను చుట్టూ అడుగున్నర వెడల్పు రేకు చుడతాం. నున్నటి రేకు మీద గోళ్ళు పట్టవు కనుక ఎలుక పైకి పోలేదు. పక్క చెట్టు మట్టలు తగలకుండా కూడా చూసుకోవాలి, లేకపోతే రేకు చుట్టి లాభం లేదు. ఎలుక మూడు నాలుగు అడుగుల దూరం సులువుగా దూకేస్తుంది.

సింహాచలం_అమ్మమ్మ
ఆ అమ్మాయి అత్తగారి మాటను తేలికగా తీసుకోవద్దని చెప్పాలనిపించింది. వినాయకుడి వాహనమని చవితి నాడు దండం పెట్టి, మర్నాడు విషం పెట్టడానికి మా తరంవారికి చేయి రాదు. నేను యాభై ఏళ్ళుగా బోనుతోనే నెట్టుకొస్తున్నాను. పడినదాన్ని తెల్లవారుజామున దూరంగా తుప్పల్లో వదిలిపెడతాం.

ఎంవీపీ_సెక్టార్9
అమ్మా, మీ మనసును గౌరవిస్తాను. అయితే మీరు తుప్పల్లో వదిలిన ఎలుక ఆ పక్కనున్న పేదవాడి ఇంట్లోకి వెళుతుంది. అతని బియ్యం బస్తా మన బస్తా కంటే చిన్నది.

సింహాచలం_అమ్మమ్మ
ఆ మాట నిజమే, బాబూ. దాని గురించి నేను ఆలోచించలేదు. అందుకే రేవు బాబు చెప్పినట్టు అసలు లోపలికి రాకుండా చేయగలిగితే చంపే పాపమూ వదిలే పాపమూ రెండూ ఉండవు కదా.

కొండవాలు_ఆరిలోవ
కొండ వారనున్న మా ఇంటికి ఎలుకలు వస్తే వాటి వెనుకే పాములు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో పడిపోయిన చెట్ల కొమ్మలు వారాల తరబడి గుట్టలుగా ఉండిపోయాయి, ఆ గుట్టల్లో ఎలుకలు కాపురాలు పెట్టాయి. ఆ శీతాకాలంలో మా స్నానాల గది తూము దగ్గర ఒక నాగుపామునూ, పెరట్లో రెండు జెర్రిపోతులనూ చూశాం. అప్పటి నుంచి పెరట్లో కట్టెలు గానీ పాత ఇటుకలు గానీ పోగు పెట్టనివ్వను. గెడ్డకు, అంటే వాగుకు, దగ్గరగా ఉన్న ఇళ్ళవారు వానాకాలంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. గెడ్డ పొంగి బొరియల్లోకి నీళ్ళు వెళితే పందికొక్కులు ఎండుగా ఉన్న చోటు వెతుక్కుంటూ ఇళ్ళ మీదకు వస్తాయి.

తాపీ_గాజువాక
ఇరవై రెండేళ్ళుగా తాపీ పని చేస్తున్నాను. ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను, పది ఇళ్ళలో ఏడెనిమిదింటికి దారి సింకు కిందే ఉంటుంది. గొట్టం గోడలోంచి బయటకు వెళ్ళే చోట మేస్త్రి పెద్ద కన్నం కొడతాడు, గొట్టం పెట్టాక చుట్టూ మిగిలిన సందు పూడ్చకుండా వెళ్ళిపోతాడు, ఆ పైన వడ్రంగి అలమరా బిగిస్తే అది ఎవరి కంటా పడదు. పెన్సిలు దూరే సందు ఉంటే చిట్టెలుకకు చాలు. మగవాడి బొటనవేలు దూరే సందు పెద్ద ఎలుకకు చాలు. తల పట్టిందంటే ఒళ్ళంతా పడుతుంది.

పూడ్చేటప్పుడు ఉత్త సిమెంటు పూయకండి, పచ్చిగా ఉండగానే తవ్వేస్తుంది. సందులు నింపడానికి తుపాకిలాంటి గొట్టంతో కొట్టే నురుగు కూడా వద్దు, అది ఎలుకకు జున్నుముక్కతో సమానం. గిన్నెలు తోమే స్టీలు పీచును సందులో గట్టిగా కూరి, దాని మీద ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుకతో, పగలగొట్టిన గాజు పెంకులు కలిపిన మాలు పట్టించాలి. గాజు కలిపేటప్పుడు మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. వెంటిలేటర్లకూ ఎగ్జాస్టు ఫ్యాను బయటి వైపుకూ పావు అంగుళం కన్ను ఉన్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) వల కొట్టండి, ప్లాస్టిక్ దోమతెరను ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. నేల మీది జాలీ కదులుతూ ఉంటే అదీ మార్చండి.

మురళీనగర్_గృహిణి
సింకు కింద అంతా అలమరాయే, వెనుక పలక బిగించి ఉంది. దారి అక్కడే అని నిర్ధారించుకోకుండా పలక ఊడదీస్తే మావారు ఒప్పుకోరు. తెలుసుకునే ఉపాయం ఏదైనా ఉందా?

కిరాణా_పూర్ణామార్కెట్
ముగ్గుపిండి చల్లండి. బియ్యపు పిండి కాదు, దాన్ని తినేస్తుంది, రాతి ముగ్గు వాడండి. రాత్రి పడుకునే ముందు గోడ వారల్లో, అలమరాల ముందు, సిలిండరు చుట్టూ పలచగా జల్లెడతో చల్లితే తెల్లవారేసరికి అది ఎటు వచ్చి ఎటు పోయిందో గీసి పెడుతుంది. మా తాతగారి కాలం నుంచి మా గోదాములో ఇదే పద్ధతి.

సరుకు దాచే పద్ధతి కూడా చెబుతాను. మేం బస్తాలను నేల మీదా గోడకు ఆనించీ పెట్టం. అడుగు ఎత్తు చెక్క బల్లల మీద, గోడకు అడుగున్నర ఎడంగా పెడతాం, ఆ ఎడంలో మనిషి నడిచి రోజూ చూడగలగాలి. ఎలుక గోడ వారనే నడుస్తుంది, నట్టనడుమ నడవడానికి భయపడుతుంది. ఇంట్లో అయితే బియ్యాన్ని రేకు డ్రమ్ములో పోసుకోండి, ప్లాస్టిక్ డబ్బాను నాలుగు రాత్రుల్లో తొలిచేస్తుంది. దాని ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకకపోతే దానికి గడవదు. పిల్లిని పెంచాం, అది ఎండు చేపల దుకాణం దగ్గరే ఉండిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మురళీనగర్_గృహిణి
రాత్రి ముగ్గుపిండి చల్లాను. ఉదయం అయిదింటికి లేచి దీపం వేయకుండా టార్చిని నేలకు ఆనించి పక్క నుంచి చూశాను. చిన్న చిన్న వేళ్ళతో సహా అడుగులు స్పష్టంగా పడ్డాయి, ముందు కాళ్ళవి నాలుగేసి వేళ్ళు, వెనుక కాళ్ళవి అయిదేసి. అడుగుల మధ్య తోక ఈడ్చిన సన్నని గీత వంకరటింకరగా ఉంది. ఆ గీత సిలిండరు వెనుక నుంచి బయలుదేరి, బియ్యం బస్తా దాకా వెళ్ళి, తిరిగి సరిగ్గా సింకు అలమరా కింది మూలలోకి మాయమైంది. మావారికి చూపించాను. ఆయన మారు మాట లేకుండా స్క్రూడ్రైవరు తెచ్చారు. పలక ఊడదీస్తే గొట్టం చుట్టూ నా పిడికిలి పట్టేంత కన్నం ఉంది, దాని అంచు ఎలుక ఒంటి జిడ్డుతో నల్లగా నున్నగా అయిపోయింది. పక్కనే కొరికిన పుస్తకం కాగితాలతో అల్లుకున్న గూడు, ఎండిపోయిన ఎలుక ఒకటి ఉన్నాయి.

నర్సు_సీతమ్మధార
ఆగండి, ఆ గూడును చీపురుతో ఊడ్చవద్దు. పొడిగా ఊడిస్తే ఎండిన మూత్రపు ధూళి గాలిలోకి లేస్తుంది. కిటికీలు తెరిచి అరగంట ఉంచండి. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. ఒక పాలు ద్రవ బ్లీచిని తొమ్మిది పాళ్ళ నీళ్ళలో కలిపి గూడూ పెంటికలూ పూర్తిగా తడిసేలా పోసి, కనీసం అయిదు నిమిషాలు ఆగి, పాత గుడ్డతో ఎత్తి రెండు సంచుల్లో కట్టి పారేయండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, దాన్నే ఎలుక జ్వరం అంటారు. చర్మం మీది చిన్న గాటు చాలు ఆ క్రిమి లోపలికి పోవడానికి. ఈ నెల రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి, పిక్కలు విపరీతంగా నొప్పి పుట్టి, కళ్ళు ఎర్రబడితే ఇంట్లో ఎలుకలు ఉన్నాయన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకునే అవకాశం ఉంది.

రేవు_విశ్రాంత_ఉద్యోగి
ఇప్పుడు ఆ కన్నాన్ని ఈ రోజే మూసేయండి.

తాపీ_గాజువాక
పెద్దాయనతో ఈ ఒక్క విషయంలో నేను ఏకీభవించను. ఓడలో లోపల ఎన్ని ఉన్నాయో తెలుసు, ఇక్కడ తెలియదు. గూడు కట్టిన ఎలుక ఈనడానికే కట్టి ఉంటుంది, మూడు వారాల చూలు, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు. లోపల ఉన్నవాటిని ఉంచి కన్నం మూస్తే అవి అక్కడే చస్తాయి, లేదా కొత్త కన్నం పెడతాయి. మిగతా సందులన్నీ ముందు మూయండి. ఈ ఒక్కటి తెరిచి ఉంచి దాని ముందు బోను పెట్టండి. ముగ్గుపిండి మీద మూడు రాత్రులు అడుగు పడకపోతే అప్పుడు మూయండి.

రేవు_విశ్రాంత_ఉద్యోగి
మీరు చెప్పిన క్రమమే సరైనది. నేను తొందరపడ్డాను.

కిరాణా_పూర్ణామార్కెట్
బోను పెట్టిన మొదటి రోజే తలుపు ఎత్తి పెట్టకండి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, రెండు మూడు రోజులు దాని దగ్గరకే రాదు. తలుపును తీగతో కట్టేసి, ఎర మాత్రం పెట్టి వదిలేయండి, భయం లేకుండా తిని వెళ్ళడం అలవాటు చేసుకుంటుంది. నాలుగో రాత్రి తీగ విప్పండి. మా అనుభవంలో నిప్పుల మీద కాల్చిన కొబ్బరి ముక్కను, ఎండు నెత్తళ్ళను మించిన ఎర లేదు. ఇంట్లో మాంసాహారం తినకపోతే ఉల్లిపాయ పకోడీ పెట్టండి. ఆ రాత్రులు వంటింట్లో మరో మెతుకు కూడా బయట ఉండకూడదు.

ఎంవీపీ_సెక్టార్9
ఇదంతా చదివాక మా పార్కింగు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ఏసీల నీళ్ళు కారి ఒక మూల ఎప్పుడూ చెమ్మగానే ఉంటోంది, దాని పక్కనే చెత్త డబ్బాలు. తిండీ నీరూ మేమే పెడుతూ నాలుగేళ్ళుగా విషం కొన్నామని అర్థమైంది. ఏసీ నీళ్ళను గొట్టంతో కాలువలోకి మళ్ళించమనీ, డబ్బాలకు మూతలు వేయించమనీ రేపటి సమావేశంలో ప్రతిపాదిస్తాను. విషపు బిళ్ళలు ఉంటాయి గానీ ప్రహరీ వెలుపల, తాళం వేసిన పెట్టెల్లోనే ఉంటాయి.

మురళీనగర్_గృహిణి
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. మొదటి మూడు రాత్రులు కాల్చిన కొబ్బరి తిని వెళ్ళాయి. తలుపు ఎత్తిన రాత్రే ఒక పెద్ద ఎలుక పడింది, తరువాతి నాలుగు రాత్రుల్లో మరి మూడు చిన్నవి పడ్డాయి. వాటిని ఏం చేయాలన్నదాని మీద ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. నీళ్ళ బకెట్టులో ముంచడానికి నేను ఒప్పుకోలేదు. చివరకు అత్తగారే, ఇళ్ళు లేని చోటు చూసి వదలమన్నారు, ఇక మీదట లోపలికి రానివ్వకుండా కన్నం మూయించే పూచీ మావారిదేనని మాట తీసుకున్నారు. బియ్యం ఇప్పుడు రేకు డ్రమ్ములో ఉంది. వరుసగా మూడు ఉదయాలు ముగ్గుపిండి మీద బొద్దింక నడిచిన సన్నని చుక్కలు తప్ప మరేమీ లేవు. మేస్త్రి ఆదివారం వస్తున్నారు.

తాపీ_గాజువాక
సిమెంటు పట్టించాక ఇరవై నాలుగు గంటలు సింకు వాడకండి, గొట్టం కదిలితే కొత్త మాలు అంచున చీలుతుంది. మేస్త్రి వెళ్ళేలోపు టార్చి వేసి మీరే స్వయంగా చూసుకోండి. పని పూర్తయిన రాత్రి కూడా ముగ్గుపిండి చల్లండి.